గాలి కోసం ఆగిన ఊరు

ఆవిరి ఓడలు రాకముందు, మన తూర్పు తీరం నుంచి బట్టల మూటలతో బయలుదేరిన ఓడ మలక్కా చేరాలంటే పడమటి గాలి వీచాలి. తిరిగి రావాలంటే ఈశాన్యపు గాలి వీచాలి. ఈ రెంటికీ మధ్య నెలల ఎడం. పట్టు, పింగాణీ వేసుకుని అటు నుంచి వచ్చే చైనా ఓడలది దీనికి తిరగేసిన లెక్క. వాళ్లు ఈశాన్యంతో వచ్చి నైరుతితో పోవాలి. అంటే ఎవరొచ్చినా సరుకు దించుకుని, గిడ్డంగికి ఎత్తించి, తమ గాలి వచ్చేదాకా అక్కడే ఉండిపోవాలి. నెలల తరబడి ఉన్న మనిషి ఊరికే కూర్చోడు. ఇల్లు చూసుకుంటాడు, తన దేవుడికో గుడి కట్టుకుంటాడు, అక్కడి పిల్లనే పెళ్లి చేసుకుంటాడు. గాలి తిరిగాక కొందరు ఓడెక్కుతారు. కొందరు ఎక్కరు.

మలేషియా పడమటి తీరంలో ఒక చిన్న నది సముద్రంలో కలిసే చోట, ఆ ఎక్కని వాళ్ల వల్ల తయారైన ఊరు మలక్కా. 2008లో పినాంగ్‌లోని జార్జ్ టౌన్‌తో కలిపి దీన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటి నుంచి ఊరంతా బోర్డులు. ‘సామరస్యం’ అన్న మాట కనిపించని బోర్డు లేదు. ఆ మాటతో నాకు పేచీ లేదు గానీ, అది ఈ ఊరి కథను మరీ మెత్తగా చెబుతుంది. ఇక్కడ జనం కలిసి బతికింది ఒకరి మీద ఒకరికి ప్రేమ పొంగి కాదు. గాలి ఆపింది, వ్యాపారం కూర్చోబెట్టింది, సుల్తాను పన్ను కట్టించుకుని రక్షణ ఇచ్చాడు. మిగతాదంతా మెల్లగా వంటింట్లో జరిగింది.

శని, ఆదివారాలకు ఒక సెలవు కలిసొస్తే ఊరు చూసి రావచ్చు. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలున్నాయి. 2023 డిసెంబరు నుంచి భారతీయ పర్యాటకులు 30 రోజుల దాకా వీసా లేకుండా ఉండే వెసులుబాటు ఇచ్చారు. బయలుదేరే ముందు అది ఇంకా అమల్లో ఉందో లేదో చూసుకుని, ఆన్‌లైన్‌లో రాక వివరాల ఫారం నింపుకోవాలి. కౌలాలంపూర్ నుంచి బస్సులో రెండు గంటలు. నది ఒడ్డున దిగాక మరి బండి అక్కర్లేదు. పాత ఊరంతా నడిచే దూరమే. ఎండకు గొడుగు మాత్రం కావాలి, వానకు కూడా అదే గొడుగు.

ఉసిరి చెట్టు కింద

కథ పరమేశ్వరుడితో మొదలవుతుంది. సుమత్రాలోని పాలెంబాంగ్ రాజవంశీకుడు, సింగపూర్ నుంచి తరిమితే పారిపోయి వచ్చినవాడు. సుమారు 1400 ప్రాంతంలో ఈ నది దగ్గర వేటాడుతూ చెట్టు నీడన కూర్చున్నాడట. అతని వేటకుక్కను చిట్టి జింక ఒకటి ఎదురు తిరిగి నీళ్లలోకి తన్నేసింది. అల్పజీవికి ఇంత పొగరిచ్చే నేల మంచిదని అక్కడే ఊరు కట్టాడు. చెట్టు పేరేమిటని అడిగితే ‘మెలాకా’ అన్నారు. అది మన ఉసిరి చెట్టే. కార్తీకంలో వనభోజనాలు వడ్డించేది దీని నీడనే కాబట్టి, తెలుగువాడికి ఈ కథలో చిట్టి జింక కన్నా చెట్టే ముందు కంటికి ఆనుతుంది. జింక తన్నిందో లేదో గానీ రేవుకు చోటు మాత్రం భలే దొరికింది. చైనా, భారత సముద్రాల మధ్య దారి బాగా ఇరుకైన చోట్లలో ఇదొకటి. ఇటు గాలీ అటు గాలీ కలిసేది ఇక్కడే.

1405 తర్వాత చైనా నౌకాధిపతి చెంగ్ హో పెద్ద పెద్ద నౌకాదళాలతో పలుమార్లు వచ్చాడు. రాజులు ఇస్లాం పుచ్చుకున్నారు. ఓడ మీద ఎవరి హక్కేమిటో, ఎవరి తప్పుకు శిక్షేమిటో చెప్పే సముద్ర ధర్మశాస్త్రం రాయించారు. రేవును చూసుకోవడానికి ఒక్క అధికారి చాలక నలుగురు షాబందర్లను పెట్టారు. గుజరాతీలకు ఒకరు, కోరమండల్, బెంగాల్, పెగూ ఓడలకు ఒకరు, జావా, మొలుక్కా దీవులకు ఒకరు, చైనా, చంపా, ర్యూక్యూ వాళ్లకు ఒకరు. వచ్చిన వర్తకుడు తన షాబందర్ దగ్గరికి పోతే గిడ్డంగి, మకాం, సరుకు మోసే ఏనుగులు అన్నీ ఆయనే కుదిర్చేవాడు. పోర్చుగీసువాళ్లు ఊరిని పట్టుకున్న మరుసటి ఏడు ఇక్కడికి వచ్చిన తోమె పిరెస్ అనే మందుల నిపుణుడు, ఈ వీధుల్లో 84 భాషలు మాట్లాడతారని రాశాడు. లెక్క ఎంత కచ్చితమో గానీ, లెక్కపెట్టాలని తోచిందంటేనే ఆ సందడి అర్థమవుతుంది.

ఆ భాషల్లో మన తీరం భాషలూ ఉన్నాయి. విజయనగర రాజుల ఏలుబడిలో ఉన్న పులికాట్ రేవు నుంచి అద్దకం బట్టలు ఇక్కడికొచ్చేవి, ఇక్కడి నుంచి లవంగం, జాజికాయ కాసే దీవులకు పోయేవి. ఆ దీవుల్లో డబ్బు కన్నా కోరమండల్ గుడ్డ బాగా చెల్లేది. తర్వాతి కాలంలో మచిలీపట్నం ఓడలు కూడా ఈ నీళ్లలో తిరిగాయి. కోరమండల్ నుంచి వచ్చిన తమిళులనూ తెలుగువాళ్లనూ కలిపి మలయులు ‘కెలింగ్’ అనేవారు. కళింగం నుంచి పుట్టిన మాట అంటారు పండితులు. ఇవాళ మలేషియాలో అది భారతీయులను కించపరిచే తిట్టు. ఇక్కడి కంపుంగ్ క్లింగ్ మసీదు పేరులో మాత్రం పాత గౌరవంతోనే మిగిలింది. నోరు జారి మనం వాడకపోవడం మంచిది.

ఎర్ర భవనాలు, కూలిన కోట

మలక్కా అనగానే ఫొటోల్లో కనిపించేది ఎర్ర రంగు భవనాల కూడలి. డచ్చివాళ్లు 1641లో పోర్చుగీసుల నుంచి ఊరు లాక్కున్నాక కట్టిన పరిపాలనా భవనం స్టాడ్‌థైస్, దాని పక్కనే 1753లో పూర్తయిన క్రైస్ట్ చర్చి. డచ్చివాళ్లు వీటికి వేసింది తెల్ల సున్నం. ఎరుపు బ్రిటిషు కాలంలో వచ్చింది. ఇప్పుడు ఆ ఎరుపే ‘డచ్చి ఎరుపు’గా చలామణి అవుతోంది. కూడలి నిండా బొమ్మలతో, ప్లాస్టిక్ పూలతో, రంగుల దీపాలతో ముంచెత్తిన మూడు చక్రాల రిక్షాలు. భారతీయ ముఖం కనపడగానే స్పీకర్లో హిందీ పాట అందుకుంటుంది. పిల్లలకు సరదా. చెవులున్న పెద్దలు పొద్దున ఎనిమిది లోపు ఈ కూడలి చూసుకుని చర్చిలోకి తప్పుకోవాలి. లోపల పైకప్పు దూలాలు ఒక్కొక్కటీ అతుకు లేని ఒకే మాను. నేలలో పరిచిన సమాధి రాళ్లలో ఆర్మేనియన్ లిపి చెక్కినవీ ఉన్నాయి. ఆ వర్తకుడు ఏ గాలికి ఇక్కడ ఆగిపోయాడో.

వెనక కొండ ఎక్కితే కప్పు లేని సెయింట్ పాల్ చర్చి. 1521లో ఒక పోర్చుగీసు నావికాధికారి కట్టించిన ప్రార్థనా మందిరం ఇది. గోవా వెళ్లినవాళ్లు దర్శించుకునే ఫ్రాన్సిస్ జేవియర్ భౌతిక కాయాన్ని, అక్కడికి తరలించే ముందు 1553లో కొన్ని నెలలు ఇక్కడే ఉంచారు. కొండ దిగితే ‘ఎ ఫమోసా’ కోటలో మిగిలిన ఒకే ఒక్క ద్వారం. 1511లో ఊరిని గెలిచిన పోర్చుగీసు సేనాని అల్బుకర్క్, వెంటనే మొదలుపెట్టిన కోట అది. దాన్ని పడగొట్టింది శత్రువులు కాదు. 1807లో బ్రిటిషువాళ్లు, ఊరు మళ్లీ డచ్చివాళ్ల చేతికి పోతే పనికి రాకూడదని మందుపాతరలు పెట్టి పేల్చేశారు. తర్వాత సింగపూర్ రేవును స్థాపించిన స్టాంఫర్డ్ రాఫిల్స్ అడ్డుపడబట్టి ఈ ద్వారం దక్కింది. పోర్చుగీసు కోట ద్వారం మీద డచ్చి కంపెనీ చిహ్నం, 1670 అన్న అంకె ఉంటాయి. గెలిచిన ప్రతివాడూ పాతవాడి గోడ మీదే తన ముద్ర వేసుకున్నాడు.

అల్బుకర్క్ కథలో మన పక్క నుంచి వెళ్లిన మనిషి ఒకడున్నాడు. పోర్చుగీసు రాతల్లో పేరు నీనా చాటు, కోరమండల్ నుంచి వచ్చి స్థిరపడిన హిందూ వర్తకుడు. 1509లో సుల్తాను చెరలో పడ్డ పోర్చుగీసు నావికులకు రహస్యంగా సాయం చేశాడు. 1511 తర్వాత అందుకు బహుమతిగా ఊరిలోని హిందూ ప్రజల మీద పెద్దరికం దక్కింది. 1514లో ఆ పదవిని తీసి ఒక మలయ రాజుకు ఇచ్చేశారు. అవమానం భరించలేక ఆయన చితి పేర్పించుకుని అందులో దూకాడని పోర్చుగీసు చరిత్రకారులు రాశారు. ఈ ఊళ్లో అన్ని మ్యూజియాలు తిరిగినా ఆయన కోసం ఒక గది కనపడదు. సుల్తాను రాజసౌధం నమూనా ఉంది. దోచిన సొమ్ముతో సుమత్రా దగ్గర మునిగిపోయిన అల్బుకర్క్ ఓడకు నిలువెత్తు నమూనా కూడా ఉంది. రెండూ 20వ శతాబ్దపు కట్టడాలే. సమయం తక్కువుంటే ఓడను వదిలేయండి. రాజసౌధం కొయ్యపని మాత్రం చూడదగ్గది.

నది దాటితే

వంతెన దాటి అవతలి ఒడ్డుకు పోతేనే ఊరు మొదలైనట్టు. కమ్మరి వీధి, కంసాలి వీధి, గుడి వీధి అని పాత వృత్తుల పేర్లతో ఉన్న ఒకే సన్నటి బాట మీద మూడు ప్రార్థనా స్థలాలు.

కంసాలి వీధిలో ముందు వినాయకుడి గుడి. మలేషియాలో ఇంకా పూజలందుకుంటున్న అతి పాత హిందూ దేవాలయాల్లో ఒకటి. 1781లో డచ్చి ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో, చెట్టి సమాజానికి పెద్ద అయిన తైవనాయగం చెట్టి కట్టించాడు. గోపురం ఆకాశాన్నంటేది కాదు, వీధి ఇళ్లతో సమానంగా నిలబడుతుంది. నాలుగడుగులు వేస్తే కంపుంగ్ క్లింగ్ మసీదు. 1748లో భారతీయ ముస్లిం వర్తకులు కొయ్యతో కట్టుకున్నారు, 1872లో ఇటుక గోడలు వచ్చాయి. గుమ్మటం లేదు. జావా పద్ధతిలో మూడంచెల పెంకు కప్పు. మినారు చైనా పగోడాలా ఉంటుంది. లోపల కొరింథియన్ స్తంభాలు, విక్టోరియా కాలపు షాండ్లియర్, ఇంగ్లండ్, పోర్చుగల్ పలకలు. ఇన్ని చోట్ల సరుకు ఒక్క చోట చేరితే కలగాపులగం అవ్వాలి. అవలేదు. వజూ చేసుకునే కొలను గట్టున కాసేపు నిలబడితే అంతా ఒకే చేతి పనిలా అనిపిస్తుంది. ఇంకాస్త ముందుకు చెంగ్ హూన్ తెంగ్, 17వ శతాబ్దంలో చైనా పెద్దలు కట్టించిన కరుణాదేవత గుడి. కప్పు అంచుల మీద పగిలిన పింగాణీ ముక్కలతో అతికిన పూలూ పక్షులూ నాటక పాత్రలూ. అగరొత్తుల పొగలో తలెత్తి చూడాలి.

డచ్చివాళ్లు వీళ్లెవరినీ కలిపి పాలించలేదు. ఒక్కో జాతికి ఒక్కో ‘కపితాన్’ను పెట్టి, మీ తగవులు మీరే తీర్చుకోండి, పన్ను మాత్రం మాకు కట్టండి అన్నారు. గుడీ మసీదూ పక్కపక్కన ఉండటం వెనక ఆ ఏర్పాటు ఉంది. బోర్డు మీద అది రాయరు.

తోరణం కట్టిన గుమ్మాలు

నాకు మలక్కాలో అన్నిటికన్నా ఎక్కువ సేపు నిలబడాలనిపించిన చోటు పర్యాటక పటంలో మూలకు ఉంటుంది. పాత ఊరి నుంచి అరగంట నడకలో గాజా బెరాంగ్ అనే వీధి, దాని పక్కన కంపుంగ్ చెట్టి. సుల్తానుల కాలంలో కోరమండల్ నుంచి వచ్చి స్థానిక స్త్రీలను పెళ్లాడిన హిందూ వర్తకుల సంతతి ఉండే పేట. మెలాకా చెట్టి అంటారు వీళ్లను. 19వ శతాబ్దంలో వడ్డీ వ్యాపారానికి వచ్చిన నాట్టుకోట్టై చెట్టియార్లు వేరు, వీళ్లు వేరు. వీళ్లు వాళ్లకన్నా నాలుగు వందల ఏళ్లు ముందు.

ఇంట్లో మాట్లాడేది మలయు. ఆడవాళ్లు కట్టేది సారోంగ్, కెబాయా. కొలిచేది శివుణ్ణి, వినాయకుణ్ణి, మారియమ్మను. వీధి గుమ్మానికి మామిడాకుల తోరణం. పండుగకు మగవాళ్లు తలకు పాగా చుడతారు. ఒకనాడు ఊరి నడిబొడ్డున పెద్ద ఇళ్లలో ఉన్న ఈ వర్తకులు, డచ్చివాళ్లు వ్యాపారమంతా గుత్తకు తీసుకున్నాక చితికిపోయి, ఇళ్లు అమ్ముకుని ఊరి చివర పొలాలకు తరలివచ్చారు. తమిళం కూడా అలాగే జారిపోయింది. పూజారి చదివే మంత్రానికి ఎలా చేతులు జోడించాలో తెలుసు, అర్థం మలయులోనే చెప్పుకోవాలి.

కానీ దేవుళ్ల సంగతి చూడండి. ఏటా వేసవిలో, ఎక్కువగా మే నెల వైపు, ముత్తు మారియమ్మకు పది రోజుల జాతర చేస్తారు. దానికి ఇంకో పేరు ‘దాతో చాచర్’. చాచర్ అంటే మశూచి, దాతో అంటే పెద్దాయన, దేవర. మశూచి పోసిందనకుండా ‘అమ్మవారు పోసింది’ అనే మన ఊళ్లవాళ్లకు ఇందులో విడమరచి చెప్పాల్సింది ఏమీ లేదు. జబ్బు ఎప్పుడో పోయింది. మొక్కు పోలేదు. కావళ్లు, రథం, పసుపు బట్టలు అన్నీ ఉన్నాయి.

జనవరిలో భోగి నాడు ‘పార్చు’ అనే పెద్దల పూజ. అరటాకుల్లో గతించిన వాళ్లకు ఇష్టమైనవన్నీ వడ్డిస్తారు. కొబ్బరిపాలలో వండిన అన్నం, చేప, సాంబల్ అనే మిరప పచ్చడి, కోడి, మలయు పిండివంటలు, తాగే అలవాటున్న తాతకు ఆ సీసా. ఏడాది మధ్యలో పళ్ల కాలంలో మరోసారి. సంక్రాంతిని పెద్దల పండుగ అని, కొత్త బట్టలు వాళ్ల పేరున పెట్టి తర్వాత కట్టుకునే కోస్తా జిల్లాల వాళ్లు ఈ ఆకు ముందు కూర్చుంటే వరస ఇట్టే పట్టేస్తారు. కాకపోతే ఆకులో మామిడికాయ పప్పు బదులు పులియబెట్టిన రొయ్యల పచ్చడి ఉంటుంది.

పేటలో ఒక చిన్న మ్యూజియం, కొన్ని గుళ్లు, నేలకు ఆనుకుని ఉండే ఇళ్లు. చుట్టూ ఎత్తయిన భవనాలు లేచాయి. మ్యూజియం దగ్గర ఒక పెద్దావిడను, మీ భాషలో పాట ఏదైనా ఉందా అని అడిగాను. ‘పంతున్’ చెబుతాం అంది. మలయుల నాలుగు పాదాల పద్యం అది. తమిళ పాట రాదా అంటే నవ్వి, “అది సినిమాల్లో వినడమే” అంది. ఆ జవాబులో బాధ వెతికాను గానీ దొరకలేదు. పోగొట్టుకున్నామన్న భావం ఉంటుందని మనం ఊహించుకుని పోతాం. ఆరు వందల ఏళ్లుగా ఉన్నచోట ఆవిడ దేన్నీ పోగొట్టుకోలేదు. ఆ చోటికి తగ్గట్టు తయారైంది, అంతే.

మండువాలో పింగాణీ

చైనా వర్తకులకు స్థానిక స్త్రీల వల్ల కలిగిన సంతతి బాబాలు, న్యోన్యాలు. మగవాళ్లు బాబా, ఆడవాళ్లు న్యోన్యా. హీరెన్ వీధి, ఇప్పటి తున్ తాన్ చెంగ్ లాక్ వీధి, వీళ్ల ఇళ్ల వరస. వీధి వైపు ముఖం ఇరుకు, లోపలికి పోయేకొద్దీ పోతూనే ఉంటుంది. వీధి వైపు వెడల్పును బట్టి పన్ను వేసేవారని, అందుకే అలా కట్టారని చెబుతారు. మధ్యలో ఆకాశం కనబడే మండువా, వాన నీరు లోపలే పడుతుంది. చాన్ కుటుంబం తరతరాలు కాపురమున్న ఇంటిని బాబా న్యోన్యా వారసత్వ మ్యూజియంగా ఉంచారు. నేను వెళ్లినప్పుడు ఫొటోలు తీయనివ్వలేదు, అదే మంచిదైంది. కళ్లతో చూశాను. నల్ల కొయ్య కుర్చీల్లో పొదిగిన ముత్యపు చిప్పలు, గులాబీ ఆకుపచ్చ పింగాణీ, పూసలతో కుట్టిన చెప్పులు. మేడ గది నేలలో ఒక చిన్న చిల్లు ఉంది, దానికి మూత. కింద తలుపు కొట్టింది ఎవరో పైనుంచి చూసుకోవడానికట.

ఇదే వీధిలో 8వ నంబరు ఇల్లు డచ్చి కాలపు సాదా కట్టడం. మలేషియా వారసత్వ సంస్థ దాన్ని మరమ్మతు చేసి, గోడ పొరలు కనపడేలా వదిలేసింది. మెరుగులు దిద్దిన ఇళ్ల మధ్య ఇది నాకు ఎక్కువ నచ్చింది.

న్యోన్యా వంట ఈ పెళ్లిళ్ల అసలు సంతకం. చైనా మాంసం, మలయు మసాలా నూరుడు, కొబ్బరిపాలు, చింతపండు. బువా కెలువాక్ అనే నల్ల గింజతో కోడి కూర చేస్తారు. పచ్చి గింజ సయనైడు విషం. పూడ్చిపెట్టి, రోజుల తరబడి నీళ్లు మార్చి నానబెడితే తప్ప తినకూడదు. చిన్న చెంచాతో చిప్పలోంచి తవ్వుకుంటే చాక్లెట్‌కూ నల్ల మట్టికీ మధ్యలో ఏదో రుచి. అందరికీ నచ్చదు. మలయుల అసమ్ పెడాస్ మాత్రం మనవాళ్లకు మొదటి ముద్దతోనే పట్టుబడుతుంది, నెల్లూరు చేపల పులుసుకు దూరపు చుట్టం. చింతపండు, ఎండుమిర్చి అవే. తేడా అంతా అందులో వేసే ఒక ఘాటు ఆకుది, అల్లం జాతి మొగ్గది. అన్నాన్ని ఉండలు చుట్టి కోడి ముక్కలతో పెట్టే హైనాన్ వాళ్ల వంటకం దగ్గర వరస బారెడు ఉంటుంది. రేవు కూలీలు పట్టుకెళ్లడానికి వీలుగా ఉండలు చుట్టారంటారు. ఎండలో అంతసేపు నిలబడేంత గొప్పదని నేననను. ఆ సమయంలో చెండోల్ తాగండి. తురిమిన మంచు, కొబ్బరిపాలు, ఆకుపచ్చ పిండి కాడలు, పైన చిక్కటి గులా మెలాకా. కొబ్బరి గెల కోసి దింపిన కల్లును కాచి తీసే ఈ బెల్లం మన తాటిబెల్లంలా నల్లగా, కాస్త పొగ వాసనతో ఉంటుంది. శాకాహారులకు కష్టమే. ఎండిన రొయ్యల పొడి పడని సాంబల్ అరుదు. అరటాకు భోజనం పెట్టే దక్షిణాది హోటళ్లే దిక్కు.

శుక్ర, శని, ఆదివారాల రాత్రుళ్లు జోంకర్ వీధిలో బజారు. తోపులాట, వేయించిన ముల్లంగి రొట్టె వాసన, చివర వేదిక మీద పాత చైనా పాటలు పాడే ముసలివాళ్లు. ఒక రాత్రి చాలు.

పేదరికం కాపాడిన గోడలు

ఇంత పాత ఊరు ఎలా మిగిలింది? వ్యాపారం పోవడం వల్ల. 1786లో పినాంగ్, 1819లో సింగపూర్ బ్రిటిషు రేవులయ్యాయి. 1824 ఒప్పందంలో డచ్చివాళ్లు మలక్కాను ఇచ్చేసి సుమత్రాలోని బెంకూలెన్ పుచ్చుకునే నాటికే ఇక్కడి రేవు ఇసుక మేటలు వేస్తోంది. ఆవిరి ఓడకు గాలి కోసం ఆగే పని లేదు. దాంతో ఊరికి పని పోయింది. పడగొట్టి కొత్తవి కట్టే డబ్బు లేక పాత ఇళ్లు నిలిచాయి.

ఆ వెలితిని కొంత పూడ్చింది రబ్బరు. మలయాలో మొదటి వాణిజ్య రబ్బరు తోట 1896లో మలక్కా దగ్గర బుకిట్ లింటాంగ్‌లో తాన్ చాయ్ యాన్ అనే బాబా వర్తకుడు వేశాడు. తర్వాత దేశమంతా తోటలే. ఆ తోటల కూలికే విశాఖ, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు ఓడలెక్కారు. తూర్పు తీరంలో ‘రంగం’, అంటే రంగూన్, వెళ్లినవాళ్ల కథలు ఇంటింటా ఉన్నాయి, మలయా వెళ్లినవాళ్లవి తక్కువ. వాళ్ల మనవలు ఎక్కువగా ఉన్నది మలక్కాలో కాదు, పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతో వైపు, కెడా, జొహోర్‌లలో. 1955లో సంఘం పెట్టుకున్నారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగింది ఆ నేల మీదే. మలక్కాకు వచ్చిన చెట్టి తన ఓడలో, తన సరుకుతో వచ్చాడు. ఈ కూలీ ఇంకొకడి ఓడలో, మరొకడి లెక్కల్లో వచ్చాడు. ఇద్దరినీ ‘భారతీయ వలస’ అని ఒకే పేరాలో రాసేస్తుంటారు.

పాత ఇళ్ల అద్దెలను అదుపులో ఉంచిన చట్టం 1999 చివరితో ముగిసింది. అద్దెలు పెరిగాక, తరతరాలుగా శవపేటికలు, పాదరక్షలు, ఇనుప సామాను చేస్తూ వచ్చినవాళ్లు ఖాళీ చేశారు. ఆ చోట్ల కాఫీ దుకాణాలు, అతిథి గృహాలు వచ్చాయి. వారసత్వం అన్న గుర్తింపు గోడలకు దక్కింది, గోడల మధ్య బతికినవాళ్లకు దక్కలేదు. అలాగని గెలిచిన పోరాటాలు లేకపోలేదు. 1984లో బుకిట్ చీనా అనే కొండ మీదున్న చైనీయుల శ్మశానాన్ని చదును చేయాలన్న ప్రతిపాదనకు దేశమంతటా వ్యతిరేకత లేచింది. పన్నెండు వేలకు పైగా సమాధులున్న ఆ కొండ ఇప్పటికీ ఉంది. పొద్దున్నే జనం అక్కడ వ్యాయామానికి పరుగెడుతుంటారు.

దూరం జరిగిన సముద్రం

కోట ద్వారం ముందు ఒకప్పుడు అలలు తగిలేవి. ఇప్పుడు అక్కడి నుంచి చూస్తే కనిపించేవి షాపింగ్ మాళ్లు. సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయారు. 2006లో తెరిచిన జలసంధి మసీదు కృత్రిమ ద్వీపం అంచున, నీళ్ల మీద స్తంభాలపై నిలబడింది. పొద్దుగూకే వేళ అక్కడికి జనం ఎక్కువగా వెళతారు, వెళ్లదగ్గదే.

దీని ధర తెలియాలంటే ఉజోంగ్ పాసిర్‌లోని పోర్చుగీసు పేటకు పోవాలి. పోర్చుగీసు, ఆసియా రక్తాలు కలిసిన క్రిస్టాంగ్ జనం కోసం 1930లలో ఏర్పరచిన పేట. 1641లో ఓడిపోయినవాళ్ల సంతతి, పోర్చుగల్‌తో రాకపోకలు తెగాక కూడా తమ క్రిస్టాంగ్ భాషను నిలుపుకుంది. ఇప్పుడు ధారాళంగా మాట్లాడేది పెద్దవాళ్లే, పిల్లలకు నేర్పే ప్రయత్నాలు సాగుతున్నాయి. మోకాలి లోతు నీళ్లలో గెడల వల తోసుకుంటూ సన్న రొయ్య పట్టడం వీళ్ల వృత్తి. ఉప్పులో ఊరవేసిన చిన్చలోక్ దానితోనే. పూడిక పెరిగేకొద్దీ ఆ లోతు తక్కువ నీళ్లు తగ్గాయి, రొయ్య తగ్గింది. సాయంత్రం తీరాన వరస హోటళ్లలో వెనిగరు, ఆవాలు, ఎండుమిర్చి దట్టించిన ‘దెబాల్’ కూర వడ్డిస్తారు. గోవా విందాలూ తిన్నవాళ్లు చుట్టరికం పోల్చుకోగలరు.

ఎప్పుడు వెళ్లాలన్నది చివరి సంగతి. సోమ, మంగళవారాలు పెట్టుకోకండి, పాత వీధుల్లో చాలా దుకాణాలు మూసుంటాయి. జూన్ 29న పోర్చుగీసు పేటలో జాలరుల పండుగ, పడవలను అలంకరించి ఆశీర్వాదం ఇప్పిస్తారు. మేలో అయితే దాతో చాచర్ జాతర దొరకొచ్చు, తేదీలు పంచాంగాన్ని బట్టి మారతాయి కాబట్టి ముందే కనుక్కోవాలి. పార్చు ఇళ్లలో జరిగే పూజ, పిలిస్తే తప్ప గుమ్మం దాటకూడదు, అడగకుండా ఫొటో తీయకూడదు. అయినా భోగి నాడు ఆ పేట వీధిలో నడవడమే వేరు.  పండక్కి సొంతూరు వెళ్లాలా, మలక్కా వెళ్లాలా అన్న తగవు ఎవరింట్లో వాళ్లు తేల్చుకోవలసిందే.